దిగుమతి సుంకాలు దేశీయ సోలార్ ప్యానెల్ తయారీదారులను నిలబెడతాయా? లెక్క ఎలా చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: బయటి నుంచి వచ్చే సోలార్ ప్యానెళ్ల మీద సుంకాలు, ఆంక్షలు పెడితే సొంత దేశంలో తయారుచేసేవాళ్లకు నిజంగా మేలు జరుగుతుందా? జరిగిందో లేదో దేన్ని చూసి చెప్పాలి? కొందరు "ఎన్ని ఫ్యాక్టరీలు వచ్చాయో చూడండి" అంటున్నారు, ఇంకొందరు "సుంకాలు కావాలని అడిగిన కంపెనీలే దివాలా తీశాయి" అంటున్నారు, రెండూ నిజమే అనిపిస్తున్నాయి అని రాశారు.

రెండూ నిజమే. ఆ రెండు మాటలూ వేర్వేరు తయారీదారుల గురించి చెబుతున్నాయి, చిక్కంతా అక్కడే ఉంది.

నేను ఈ రంగంలో పద్నాలుగేళ్లుగా ఉన్నాను. మొదట ఒక మాడ్యూల్ (ప్యానెల్) ఫ్యాక్టరీలో కాస్టింగ్, అంటే తయారీ ఖర్చుల లెక్కలు చూసేవాణ్ని. సుంకం వేయాలా వద్దా అని ప్రభుత్వ దర్యాప్తు మొదలైనప్పుడల్లా, అందులో అడిగే పెద్ద ప్రశ్నావళిని కంపెనీ తరఫున నింపే పని నా మీదే పడేది. తర్వాత ప్రాజెక్టులు కట్టే సంస్థలో ప్యానెళ్లు కొనే విభాగానికి మారాను. ఒకే సుంకాన్ని అమ్మేవాడిగానూ కొనేవాడిగానూ చూశాను కాబట్టి ఈ జవాబు కాస్త పొడుగ్గా ఉంటుంది.

సూటిగా చెప్పాలంటే: ప్యానెళ్లు అసెంబుల్ చేసేవాళ్లకు సుంకం త్వరగా, గట్టిగా పనిచేస్తుంది. ప్యానెల్‌కు ముందు మెట్లయిన సెల్, వేఫర్, పాలీసిలికాన్ (బాగా శుద్ధి చేసిన సిలికాన్) చేసేవాళ్లకు సుంకం ఒక్కటే సరిపోదు. నేను దగ్గరగా గమనించిన అమెరికా, యూరప్, భారత్ మూడింటిలోనూ ఇదే కనబడింది. సెల్ తయారీ కదిలిన చోట సుంకంతో పాటు నేరుగా డబ్బు సాయమో, ఖాయమైన గిరాకీయో కూడా ఉంది. అందుకే మేలు జరిగిందా అని అడిగినప్పుడు ఎవరికి, ఎన్నాళ్లపాటు, ఎవరి ఖర్చుతో అన్నవి కూడా కలిపి అడగాలి.

తయారీదారు అంటే ఎవరు?

ప్యానెల్ అనేది చివరి మెట్టు. పాలీసిలికాన్‌ను కరిగించి ఇంగాట్ చేస్తారు, దాన్ని పలుచగా కోస్తే వేఫర్, వేఫర్‌ను రసాయనాలతో, కొలిమిలతో శుద్ధి చేసి వెండి పేస్టుతో గీతలు వేస్తే సెల్. ఆ సెల్స్‌ను తీగలతో కలిపి, అద్దం, ఈవీఏ అనే ప్లాస్టిక్ పొర, వెనక వైపు బ్యాక్‌షీట్ పెట్టి లామినేట్ చేసి, ఫ్రేము బిగిస్తే మాడ్యూల్. మనం ప్యానెల్ అనేది దాన్నే. మాడ్యూల్ లైన్ ఏడాదిలోపు నిలబెట్టవచ్చు, పెట్టుబడి తక్కువ. సెల్ ఫ్యాక్టరీకి శుభ్రమైన గదులు, బోలెడు నీరు, ప్రమాదకరమైన వాయువులు వాడటం తెలిసిన మనుషులు కావాలి. పాలీసిలికాన్‌కైతే చౌక కరెంటు, ఓపికగల డబ్బు, మూడు నాలుగేళ్ల సమయం కావాలి.

ఈ మెట్లన్నిటిలోనూ చైనా వాటా 80 శాతం దాటిందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2022లో లెక్క తేల్చింది. 2011 నుంచి చైనా ఈ తయారీలో 5,000 కోట్ల డాలర్లకు పైగా పెట్టిందనీ, అది యూరప్ పెట్టినదానికి పది రెట్లనీ అదే నివేదిక చెప్పింది. చైనాలో తయారీ ఖర్చు భారత్ కంటే 10 శాతం, అమెరికా కంటే 20 శాతం, యూరప్ కంటే 35 శాతం తక్కువని కూడా అందులో ఉంది. 10 శాతం తేడాను సుంకం సులువుగా పూడుస్తుంది కదా అనిపిస్తుంది. పూడుస్తుంది కూడా. అయితే ఆ పూడిక ఏ మెట్టు దగ్గర పడుతుందన్నది ఒక చిన్న లెక్క చేస్తేగానీ తెలియదు.

లెక్క కోసం కొన్ని అంకెలు ఊహించుకుందాం. ప్రపంచ మార్కెట్లో ప్యానెల్ ధర 100. అందులో సెల్స్ విలువ 50, మిగతా సామాను 30. అంటే అసెంబుల్ చేసేవాడు తన చేత్తో కలిపే విలువ 20. ఇప్పుడు ప్యానెల్ మీద 40 శాతం, సెల్ మీద 25 శాతం, మిగతా సామాను మీద 10 శాతం సుంకం పడిందనుకోండి. దిగుమతి ప్యానెల్ 140 అవుతుంది. దేశీయ తయారీదారుకు సెల్స్ 62.5కు, సామాను 33కు వస్తాయి, మొత్తం 95.5. అతను 140 దాకా అమ్ముకోగలిగితే చేతిలో మిగిలేది 44.5. సుంకం లేనప్పుడు మిగిలేది 20 మాత్రమే. అంటే పైకి 40 శాతంగా కనిపించే సుంకం, అసెంబుల్ చేసేవాడి సొంత పనికి 122 శాతం రక్షణ ఇస్తోంది.

ఇదే లెక్క సెల్ చేసేవాడికి వేయండి. సెల్ 50, అందులో సుంకం లేని వేఫర్, పేస్టు వగైరా 35, అతను కలిపే విలువ 15. సుంకంతో సెల్ 62.5 అవుతుంది, మిగిలేది 27.5. రక్షణ 83 శాతం. పెట్టుబడి ఎన్నో రెట్లు ఎక్కువ, రిస్కు ఎక్కువ, రక్షణ మాత్రం తక్కువ. ఇక సుంకమే లేని వేఫర్ చేసేవాడికి రక్షణ సున్నా. డబ్బున్నవాడు ఏ మెట్టు మీద ఫ్యాక్టరీ పెడతాడో వేరే చెప్పక్కర్లేదు. ఏ దేశం సుంకాలను అంచనా వేయాలన్నా నేను మొదట ఈ పట్టికే రాసుకుంటాను: ఒక్కో మెట్టు మీద ఎంత సుంకం, దాని ముడి సరుకు మీద ఎంత.

దీనికి ఎదురుగా నడిచే సుంకాలూ ఉంటాయి. భారత్‌లో 2017లో చైనా సోలార్ గ్లాస్ మీద, 2019లో ఈవీఏ షీట్ మీద యాంటీ డంపింగ్ సుంకాలు (మరీ తక్కువ ధరకు తెచ్చి గుమ్మరించే సరుకు మీద వేసేవి) పడ్డాయి. గ్లాస్ చేసేవాడికి అది రక్షణ, ప్యానెల్ చేసేవాడికి అదే ఖర్చు. కాస్టింగ్‌లో కూర్చున్న రోజుల్లో, ప్యానెల్ సుంకం వల్ల వచ్చిన లాభంలో కొంత ఈ సామాను సుంకాలకే పోవడం నేను నెలనెలా రాసుకునేవాణ్ని. బయటివాళ్లు ఒక్క ప్యానెల్ సుంకాన్నే చూసి కంపెనీకి పండగే అనుకునేవారు.

అమెరికా: పదమూడేళ్ల అనుభవం

అందరికంటే పొడవైన చరిత్ర అమెరికాది, అందుకే దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను. 2011 అక్టోబరులో సోలార్‌వరల్డ్ అనే జర్మన్ కంపెనీ అమెరికా విభాగం ఫిర్యాదు చేసింది. 2012 చివర్లో చైనా సెల్స్ మీద యాంటీ డంపింగ్ సుంకాలు, చైనా ప్రభుత్వ సబ్సిడీకి విరుగుడుగా వేసే సుంకాలు ఖరారయ్యాయి. ఉత్తర్వు సెల్స్ పుట్టిన దేశాన్ని బట్టి ఉంది కాబట్టి, చైనా కంపెనీలు తైవాన్ సెల్స్ కొని చైనాలో ప్యానెళ్లు బిగించి పంపడం మొదలుపెట్టాయి. ఆ దారి మూయడానికి 2015 మొదటిదాకా ఇంకో కేసు నడిచింది. అప్పటికి తయారీ మలేషియా, వియత్నాం, థాయ్‌లాండ్‌లకు పాకింది. 2017 ఏప్రిల్‌లో దివాలా పిటిషన్ వేసిన సునీవా అనే కంపెనీ, అదే నెలలో ప్రపంచం మొత్తం నుంచి వచ్చే దిగుమతుల మీద రక్షణ కోరింది, సోలార్‌వరల్డ్ తోడైంది. 2018 జనవరిలో 30 శాతం సేఫ్‌గార్డ్ సుంకం (దేశీయ పరిశ్రమను కాపాడటానికి తాత్కాలికంగా వేసేది) వచ్చింది. ఏటా 5 శాతం చొప్పున తగ్గి నాలుగో ఏట 15కు చేరేలా పెట్టారు. ఏటా మొదటి 2.5 గిగావాట్ల సెల్స్‌కు సుంకం లేదు.

ఆ చివరి వాక్యం చూడండి. ప్యానెల్ మీద 30, సెల్ మీద కోటా దాకా సున్నా. పైన వేసిన లెక్క ప్రకారం ఏం జరగాలో అదే జరిగింది. కొరియాకు చెందిన హన్వా క్యూసెల్స్ జార్జియా రాష్ట్రం డాల్టన్‌లో 1.7 గిగావాట్ల మాడ్యూల్ ఫ్యాక్టరీ పెట్టింది. చైనా జింకో ఫ్లోరిడాలో, కొరియా ఎల్‌జీ అలబామాలో అసెంబ్లీ లైన్లు తెరిచాయి. సెల్ తయారీ మాత్రం పుంజుకోలేదు సరికదా, ఉన్నది కూడా పోయింది. జపాన్ కంపెనీ పానసోనిక్ న్యూయార్క్ రాష్ట్రం బఫెలో నుంచి వెళ్లిపోయాక కొన్నేళ్లపాటు అమెరికాలో వాణిజ్య స్థాయి సిలికాన్ సెల్ తయారీయే లేదు. సుంకాలు అడిగిన సోలార్‌వరల్డ్ అమెరికా ఫ్యాక్టరీని 2018లో సన్‌పవర్ కొని, 2021లో మూసేసింది.

ఇక్కడే నాకు బాగా పనికొచ్చిన పాఠం ఇంకొకటి ఉంది. 2018 సుంకం సిలికాన్ ప్యానెళ్లకే వర్తించింది. సిలికాన్ వేఫర్ల బదులు అద్దం మీద పలుచని పూతతో థిన్ ఫిల్మ్ ప్యానెళ్లు చేసే ఫస్ట్ సోలార్‌కు అది తగల్లేదు, పోటీదారుల ధరలు మాత్రం పెరిగాయి. ఓహైయోలో ఫ్యాక్టరీలున్న ఆ అమెరికా కంపెనీ, కేసు వేసినవాళ్లెవరికీ దక్కని లాభం పొందింది. కాబట్టి సుంకం అడిగినవాడిని మాత్రమే చూసి ఫలితం తేల్చకండి. లాభం పక్కవాడికి చేరినా అది దేశీయ తయారీ లెక్కలోకే వస్తుంది.

అసలు మార్పు 2022 ఆగస్టులో ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ చట్టంతో వచ్చింది. అమెరికాలో చేసిన ప్రతి మాడ్యూల్‌కు వాటుకు 7 సెంట్లు, సెల్‌కు వాటుకు 4 సెంట్లు, వేఫర్‌కు చదరపు మీటరుకు 12 డాలర్లు, పాలీసిలికాన్‌కు కిలోకు 3 డాలర్ల పన్ను రాయితీ. ఒక్కో మెట్టుకు ఒక్కో సాయం. 2025 మొదటికల్లా మాడ్యూల్ సామర్థ్యం 50 గిగావాట్లు దాటింది. 2024 చివర్లో సునీవా మళ్లీ సెల్స్ మొదలుపెట్టింది. ఈ ఎదుగుదలలో సుంకాల వాటా లేదనను, అవి లేకపోతే ఈ రాయితీలు కూడా దిగుమతుల ధరల ముందు చాలేవి కావేమో. కానీ సుంకాలు పదేళ్లు ఒంటరిగా చేయలేని పనిని రాయితీ తోడయ్యాక మూడేళ్లలో చేశాయి.

సుంకం మూల్యం వేరేచోట కట్టాల్సి వస్తుందని కూడా అమెరికా చూపించింది. చైనా బదులుగా 2013, 2014లలో అమెరికా పాలీసిలికాన్ మీద 57 శాతం దాకా సుంకాలు వేసింది. ప్రపంచంలో వేఫర్లు చేసేది ఎక్కువగా చైనాయే, కాబట్టి కొనేవాడు పోయాడు. టెనెసీ రాష్ట్రం క్లార్క్స్‌విల్‌లో 120 కోట్ల డాలర్లతో కట్టిన హెమ్‌లాక్ పాలీసిలికాన్ ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలుపెట్టకుండానే 2014లో శాశ్వతంగా మూతపడింది. ప్యానెల్ మెట్టును కాపాడబోయి, అమెరికా అప్పటికే బలంగా ఉన్న పై మెట్టును దెబ్బ కొట్టుకున్నట్టయింది. ఎవరైనా కొత్త ఉద్యోగాల లెక్క చూపిస్తే, ఇలా పోయిన ఉద్యోగాలను తీసేశారా అని తప్పకుండా అడగండి.

యూరప్

యూరప్ కథ చిన్నది. 2013లో చైనా కంపెనీలతో ఒప్పందం చేసుకుని వాటుకు 56 యూరో సెంట్ల కనీస ధర పెట్టారు, ఏటా 7 గిగావాట్ల పరిమితితో. ఒప్పుకోనివారికి సగటున 47.6 శాతం సుంకం. అయిదేళ్లు నడిపి 2018 సెప్టెంబరులో ఎత్తేశారు. అక్కడ ఫిర్యాదుకు ముందు నిలబడిన సోలార్‌వరల్డ్ మాతృసంస్థ 2017 మేలో, దాని స్థానంలో వచ్చిన కొత్త కంపెనీ 2018 మార్చిలో దివాలా ప్రక్రియలోకి వెళ్లాయి.

దీన్ని చూపించి సుంకం విఫలం అనడం తేలిక. నేను అంత తొందరపడను. అదే సమయంలో యూరప్ దేశాలు సౌర విద్యుత్తుకు ఇచ్చే హామీ ధరలను బాగా కోసేశాయి. 2012లో సుమారు 17 గిగావాట్లున్న కొత్త స్థాపన 2014కు 7 గిగావాట్ల దగ్గరికి పడిపోయింది. మార్కెట్టే సగానికి పైగా కుంచించుకుపోతే ఏ రక్షణా ఫ్యాక్టరీని నింపలేదు. గిరాకీ ఏమైందో చూడకుండా సుంకం గురించి తీర్పు చెప్పకూడదనడానికి నేను ఎప్పుడూ ఇదే చూపిస్తాను.

భారత్: సందులు, తేదీలు, జాబితాలు

భారత్ ప్రయోగం 2010లో జాతీయ సౌర మిషన్‌తో మొదలైంది. సిలికాన్ ప్యానెళ్లు దేశీయంగానే ఉండాలన్నారు, థిన్ ఫిల్మ్‌కు మాత్రం ఆ షరతు లేదు. అమెరికా ఎగుమతులకు అప్పులిచ్చే ఎగ్జిమ్ బ్యాంకు, తమ దేశపు థిన్ ఫిల్మ్ కొంటే తక్కువ వడ్డీకి అప్పు ఇచ్చింది. సోలార్ ప్లాంట్లు కట్టే డెవలపర్లు చాలామంది అటే వెళ్లారు. తర్వాత ఆ షరతు మీదే అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ)లో కేసు వేసి 2016లో గెలిచింది.

2018 జులై 30న ప్రధానంగా చైనా, మలేషియా దిగుమతుల మీద సేఫ్‌గార్డ్ సుంకం వచ్చింది: మొదటి ఏడాది 25 శాతం, తర్వాతి ఆరు నెలలు 20, ఆ తర్వాతి ఆరు నెలలు 15. దీన్ని నేను ఫ్యాక్టరీ లోపల నుంచి చూశాను. రెండు చిక్కులు వెంటనే ఎదురయ్యాయి.

మొదటిది, అప్పట్లో దేశీయ సెల్, మాడ్యూల్ సామర్థ్యంలో పెద్ద భాగం ప్రత్యేక ఆర్థిక మండలాల్లో ఉండేది. మండలం నుంచి దేశీయ మార్కెట్‌కు సరుకు వస్తే చట్టం దాన్ని దిగుమతిగానే చూస్తుంది. కాబట్టి దేశంలోనే తయారైన ప్యానెల్ మీద కూడా సేఫ్‌గార్డ్ సుంకం పడింది. రక్షించాలనుకున్నవాళ్లలోనే కొందరికి దెబ్బ తగిలింది.

రెండోది గడువు. మేము సెల్ లైన్ పెట్టాలని అప్పు కోసం వెళ్లినప్పుడు అవతలి అధికారి అడిగిన మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది: "సుంకం రెండేళ్లు, అప్పు ఏడేళ్లు. మూడో ఏట మీరు ఏ ధరకు అమ్ముతారు?" మా దగ్గర జవాబు లేదు. ఆ ప్రాజెక్టు కాగితాల మీదే ఆగిపోయింది. ఉన్న మాడ్యూల్ లైన్లు మాత్రం సుంకం ప్రకటన రాగానే ఒక షిఫ్టు నుంచి మూడు షిఫ్టులకు వెళ్లాయి. ఆ కొద్ది నెలలూ ఫ్యాక్టరీలో ఉత్సాహం మాటల్లో చెప్పలేను.

ఆ ఉత్సాహం ఎక్కువ కాలం నిలవలేదు. కారణం సుంకంలో లేదు. 2018 మే 31న చైనా తన సొంత మార్కెట్లో సోలార్ సబ్సిడీలను ఒక్కసారిగా తగ్గించింది. అక్కడ మిగిలిపోయిన సరుకుతో ప్రపంచ ధరలు ఆ ఏడాదిలోనే పావు వంతుకు పైగా పడ్డాయి. 25 శాతం సుంకాన్ని ధర పతనమే మింగేసింది. అమెరికా 30 శాతానికీ అదే గతి. అందుకే సుంకానికి ముందు, తర్వాత ధరలు మాత్రమే పోల్చే విశ్లేషణను నమ్మకండి. సుంకం లేకపోతే ధర ఎంత ఉండేదో దానితో పోల్చాలి. అందుకు తేలిక మార్గం, అదే నెలలో సుంకం లేని మార్కెట్లో ధర ఎంతుందో చూడటం.

మా ఫ్యాక్టరీ కష్టానికి ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని ఒప్పుకోవడానికి మాకు సమయం పట్టింది. మా లైన్లు మల్టీక్రిస్టలైన్ అనే పాత రకం సెల్స్‌కు పెట్టినవి. 72 సెల్స్ ప్యానెల్‌కు 325 నుంచి 335 వాట్లు వచ్చేవి. అప్పటికే మోనో పెర్క్ అనే కొత్త రకం దిగుమతి ప్యానెల్ అదే కొలతలో 375 పైన ఇస్తోంది. ఒకే పవర్ ప్లాంటుకు తక్కువ ప్యానెళ్లు చాలు కాబట్టి కొనేవాడికి భూమి, స్టీలు నిర్మాణం, కేబుల్, కూలి అన్నీ కలిసొస్తాయి. మేము ధర తగ్గించినా వద్దనేవారు. దర్యాప్తు ప్రశ్నావళిలో నష్టానికి కారణం దిగుమతులే అని రాశాం. దిగుమతులు కారణమే, కానీ పాత టెక్నాలజీ కూడా అంతే కారణం. డబ్ల్యూటీఓ నియమాలు కూడా వేరే కారణాల వల్ల జరిగిన నష్టాన్ని దిగుమతుల ఖాతాలో వేయకూడదనే చెబుతాయి. ఈ రంగంలో మల్టీ నుంచి మోనో పెర్క్‌కు, అక్కడి నుంచి ఇంకా కొత్తదైన టాప్‌కాన్‌కు మారడానికి ఆరేడేళ్లే పట్టింది. సుంకం ఇచ్చిన వెసులుబాటులో ఎవరు యంత్రాలు మార్చుకున్నారో, ఎవరు పాత లైన్‌తోనే లాభం తీసుకున్నారో కంపెనీవారీగా చూడండి. అయిదేళ్ల తర్వాత ఎవరుంటారో అక్కడే తెలిసిపోతుంది.

ఇక సరుకు దారి మళ్లడం. 2018 సుంకం వియత్నాం, థాయ్‌లాండ్‌లకు వర్తించకపోవడంతో అక్కడి నుంచి దిగుమతులు పెరిగాయి. 2020లో పొడిగించినప్పుడు ఆ రెండింటినీ చేర్చి మలేషియాను తీసేశారు. 2022 ఏప్రిల్ 1 నుంచి మాడ్యూల్స్ మీద 40, సెల్స్ మీద 25 శాతం బేసిక్ కస్టమ్స్ డ్యూటీ, అంటే మామూలు దిగుమతి సుంకం వచ్చింది. అప్పటికి నేను కొనే వైపు ఉన్నాను. సుంకం రేటు బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం) తేదీని బట్టి పడుతుంది. మార్చి 31 లోపు ఓడలు రావాలని మేం పడిన టెన్షన్ అంతా ఇంతా కాదు. దొరికిన గోదాములన్నీ ప్యానెళ్లతో నింపాం. ఫలితంగా ఏప్రిల్ నుంచి కొన్ని నెలలపాటు దేశీయ కంపెనీలకు మేం ఆర్డర్లే ఇవ్వలేదు. ఆ నెలల అమ్మకాలు చూసి సుంకం పనిచేయలేదన్నవాళ్లున్నారు. అంతకుముందు నెలల దిగుమతులు చూసి దేశీయ పరిశ్రమ పోయిందన్నవాళ్లూ ఉన్నారు. సుంకం తేదీకి అటూ ఇటూ ఆరేసి నెలలు పక్కన పెట్టి చూస్తేనే అసలు ధోరణి కనిపిస్తుంది.

భారత్‌లో సుంకం కంటే గట్టిగా పనిచేసింది ఏఎల్‌ఎంఎం జాబితా అని నా అభిప్రాయం. ప్రభుత్వం ఆమోదించిన మాడ్యూల్ తయారీదారుల జాబితాలో ఉన్నవారి దగ్గరే ప్రభుత్వ సంబంధమైన ప్రాజెక్టులు కొనాలి, విదేశీ ఫ్యాక్టరీలు అందులో లేవు. ధర పడిపోతే సుంకం బలహీనపడుతుంది, జాబితా బలహీనపడదు. 2023-24లో ఆ నియమాన్ని ఏడాది పక్కన పెట్టి, 2024 ఏప్రిల్ నుంచి మళ్లీ తెచ్చారు. దానికి తోడు ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకాలు, మొదట 4,500 కోట్లు, తర్వాత 19,500 కోట్ల రూపాయలు కేటాయించారు. 2024-25 ఒక్క ఏడాదిలో మాడ్యూల్ సామర్థ్యం 38 నుంచి 74 గిగావాట్లకు, సెల్ సామర్థ్యం 9 నుంచి 25 గిగావాట్లకు పెరిగిందని అధికారిక లెక్క. 2025 ఆగస్టులో జాబితాలోని మాడ్యూల్ సామర్థ్యం 100 గిగావాట్లు దాటింది.

మంచి అంకెలే, ఈ రంగంలో పనిచేసినవాడిగా నాకు సంతోషమే. అయినా ఒక జాగ్రత్త. 2022-23, 2023-24లలో భారత్ ఎగుమతి చేసిన ప్యానెళ్లలో 97 శాతానికి పైగా వెళ్లింది అమెరికాకే. చైనా సరుకుకు అమెరికా తలుపులు మూయడం వల్ల అక్కడ దొరికిన ధర అది. అంటే భారతీయ కంపెనీల లాభాల్లో కొంత భాగం భారత్ సుంకం ఫలితం కాదు, అమెరికా సుంకం ఫలితం. 2025 జులైలో అదే అమెరికాలో భారత్, ఇండొనేషియా, లావోస్ ప్యానెళ్ల మీద కొత్త ఫిర్యాదు నమోదైంది. ఒక దేశపు రక్షణ వల్ల వచ్చిన లాభాన్ని ఆ దేశం ఎప్పుడైనా వెనక్కి తీసుకోగలదు.

అయితే ఏ అంకెలు చూడాలి?

స్థాపిత సామర్థ్యం అందరూ చెప్పే అంకె, నేను తక్కువగా నమ్మే అంకె. నేమ్‌ప్లేట్ మీద 1000 మెగావాట్లున్న ఫ్యాక్టరీ 350 చేస్తుండవచ్చు. పాత సైజు వేఫర్లకు పెట్టిన లైన్లు జాబితాలో ఉంటాయి, మార్కెట్లో వాటికి ఆర్డర్లు ఉండవు. నిజంగా నడుస్తున్న శాతం, అంటే కెపాసిటీ యుటిలైజేషన్ అడగండి. లిస్టెడ్ కంపెనీలైతే త్రైమాసిక ఫలితాల్లో చాలావరకు దొరుకుతుంది.

రెండోది, ధర తేడా. దేశీయ ప్యానెల్ ధర, సుంకం లేని దిగుమతి ధర, ఈ రెంటి మధ్య తేడాను ఏటా ఒక గీతగా గీయండి. తేడా సుంకమంత ఉండిపోతే తయారీదారులు సుంకాన్ని పూర్తిగా లాభంగా తీసుకుంటున్నారు, ఖర్చు తగ్గించుకోవడం లేదు. తేడా ఏటా తగ్గుతుంటే లోపల పోటీ పనిచేస్తోంది, నేర్చుకుంటున్నారు. నా దృష్టిలో రక్షణ సఫలమైందనడానికి ఇంతకంటే నమ్మదగిన గుర్తు లేదు. పైన వేసిన లెక్కలో 140కి అమ్మవచ్చన్నాను గానీ, యాభై కంపెనీలు పోటీ పడితే అది 115కే ఆగవచ్చు. అప్పుడు కొనేవాడి నష్టమూ తక్కువే, తయారీదారు లాభమూ తక్కువే.

మూడోది, దేశంలో కలిసే విలువ. మాడ్యూల్ దేశీయం, లోపలి సెల్ దిగుమతి అయితే సగం విలువ బయటిదే.

ఇక ఖర్చు ఎవరు మోశారన్నది. సుంకం మొత్తాన్ని తయారీదారు లాభంగా, డెవలపర్ నష్టంగా రాసేస్తారు చాలామంది. నిజానికి విద్యుత్తు అమ్మకపు కాంట్రాక్టులో, చట్టం మారితే ఆ భారం కొనేవాడు భరించాలనే నిబంధన ఉంటుంది. డెవలపర్ ముందు కట్టి, విద్యుత్ నియంత్రణ మండలి ముందు నిరూపించి, నెలల తర్వాత వసూలు చేసుకుంటాడు. నేను చూసిన ఒక ప్రాజెక్టులో ఆ డబ్బు రావడానికి రెండేళ్లు దాటింది, మధ్యలో వడ్డీ మేమే కట్టాం. చివరికి భారం యూనిట్ రేటులోకి వెళుతుంది. ఇంకొంత భారం అసలు కట్టకుండా ఆగిపోయిన ప్లాంట్ల రూపంలో పోతుంది, దాన్ని లెక్కించడం కష్టం. ప్యానెళ్లు బిగించేవాళ్లు, నడిపేవాళ్లు తయారీలో ఉన్నవాళ్ల కంటే చాలా ఎక్కువమంది. ఆ పని తగ్గితే ఆ నష్టాన్ని కూడా అదే కాగితం మీద రాయాలి.

ఇంత చెప్పాక కూడా, రక్షణే వద్దని నేను అనను. ఒకే దేశం మీద 80 శాతం ఆధారపడటం ఎంత ప్రమాదమో సరుకు రవాణా ఆగిన రోజుల్లో కొనే వైపు కూర్చుని అనుభవించాను. ఆర్డర్ చేసిన ప్యానెళ్లు ఎప్పుడొస్తాయో సరఫరాదారుకే తెలియని నెలలవి. ఆ భద్రతకు కొంత ధర చెల్లించడం న్యాయమే. ఎంత ధరకు ఎంత భద్రత వచ్చిందో అడగడం కూడా అంతే న్యాయం.

ఈ మొత్తాన్ని పరీక్షించుకోవడానికి మీకు దగ్గర్లోనే ఒక అవకాశం ఉంది. భారత్ 2026 జూన్ 1 నుంచి సెల్స్‌కు కూడా ఆమోదిత జాబితాను అమలు చేయాలని నిర్ణయించింది. జాబితా రక్షణ అసెంబ్లీ మెట్టు దాటి సెల్ మెట్టుకు ఎక్కడం ఇదే మొదటిసారి. సెల్ ఫ్యాక్టరీలు ఎన్ని శాతం నడుస్తున్నాయి, వాటిలో టాప్‌కాన్ ఎంత, సొంత సెల్ లేని చిన్న మాడ్యూల్ కంపెనీలకు సెల్స్ ఏ ధరకు దొరుకుతున్నాయి, ఈ మూడూ త్రైమాసికానికోసారి రాసి పెట్టుకోండి. మూడోది మిగతా రెండింటి కంటే ముందు కదులుతుంది, ఎందుకంటే సెల్ కొరత ఏర్పడితే మొదట దెబ్బతినేది ఈ చిన్న కంపెనీలే. వాళ్లూ దేశీయ తయారీదారులే.